ఆ పేరు దొరకలే

మా నర్సింహులపేట పాస్టరమ్మది గుంటూరు దిక్కు. ముద్ద నోట్లె పెట్టేముందు కండ్లు మూసుకొని, యాదికొచ్చినోళ్లందరి పేర్లు తీసి ప్రార్థన చేసేది. తెలంగాణ కోసం రోడ్డు మీద వంటావార్పు పెట్టిన నాడు, "మీరు రాకుండ్రి పాస్టరమ్మా, మీది ఆంధ్ర. ఎవలన్న ఏమన్న అంటరు" అని చెప్పిన. అయినా వచ్చి మా బంతిలనే కూసుంది. విస్తార్ల బువ్వ పడంగనే కండ్లు మూసి, మాకోసం, ఎదురుంగ నిలవడ్డ పోలీసోళ్ల కోసం గట్టిగనే ప్రార్థన మొదలువెట్టింది. మావోళ్లు గుర్రుమన్నరు. అంతల లాఠీలు లేసినయ్. మేం ఉరికినం. ఆమె కండ్లు తెరవలే.

దవాఖానల, ఇరిగిన కుడిచెయ్యికి కట్టు. ఎడమచేత్తో ముద్ద పట్టుకొని నన్ను అడిగింది: "నన్ను కొట్టినబ్బాయి పేరేంటి బాబూ? ప్రార్థనలో చెప్పాలి."

నాకు తెల్వదు. ఆమె కాలంజేసి చానేండ్లాయె. ఇప్పటికీ ఖాకీ అంగీ ఎదురైతే, నా కండ్లు ఛాతి మీది పేరు కాడికే పోతయి.