సీసాడు నీళ్లు

మొన్న మిట్టమధ్యాహ్నం ఇల్లందు నుంచి స్కూటీ మీద వచ్చిన మా మేనకోడలు గడపలో నిలబడే చెంబెత్తి గటగటా తాగింది. గదవ మీదుగా కారిన నీళ్లకు చున్నీ తడిసింది. అలవాటుగా నా చూపు ఆమె పాదాల మీదికి పోయింది.

ఆ చూపు ఏళ్ల కిందటిది. మా కారేపల్లి వైపు సెల్‌ఫోన్లు కొత్తగా వస్తున్న రోజులవి. ఆమె ఐదో తరగతిలో ఉండగా కిడ్నీలు చెడిపోయాయి. ఒంట్లో నీరు చేరి ముఖం, కాళ్లు ఉబ్బేవి. రోజు మొత్తానికి ఒక చిన్న సీసాడు నీళ్లే ఇవ్వాలన్నారు డాక్టర్లు. కొలిచి పోసే పని నాకు అప్పజెప్పారు. అడవి ఊళ్లలో బీడీలు చుట్టే తునికాకు ఆరబెట్టే కల్లాల్లో కట్టలు లెక్కపెడుతూ లెక్కలు నేర్చుకున్నవాణ్ని, చుక్క అటూ ఇటూ కానిచ్చేవాణ్ని కాదు. తరువాత మా అక్క తన కిడ్నీ ఒకటి ఇచ్చింది. హైదరాబాదులో ఆపరేషన్ చక్కగా జరిగింది. కొన్ని నెలలు అక్కడే ఉండి ఎండాకాలానికి ఇల్లు చేరారు. ఇక బాగా తాగాలి, తాగకపోతే కొత్త కిడ్నీ దెబ్బతింటుందని చెప్పి పంపారు. పిల్ల తాగదే! అక్క కాచి చల్లార్చిన నీళ్ల గ్లాసు పట్టుకుని వెంట తిరిగేది.

"తాగు బిడ్డా, నీ కాళ్లు మొక్కుత."

"అప్పుడు తాగితే తిట్టిండ్రు. ఇప్పుడు తాగకుంటే తిడుతున్నరు. మళ్ల ఉబ్బితే ఎవరికి? నాకే గదా!"

అని బొటనవేలితో కాలి ఎముక మీద నొక్కి చూసుకునేది. నీరు చేరిన రోజుల్లో అక్కడ గుంట పడేది. కొత్త కిడ్నీ ఎంత వడపోస్తుందో నేను లెక్క కట్టి చెప్పబోతే మధ్యలోనే ఆపింది.

"నీకేమెరుక మామా! సీసాడు నీళ్లతోని ఒక్క దినం ఉండు. గప్పుడు తాగుత."

ఉంటానన్నాను. మర్నాడు ఆమే సీసా నింపి చేతికిచ్చింది. కల్లంలో సగం కట్టలు తేలకముందే సీసా ఖాళీ. కూలీల నీళ్ల బిందె వైపు చూడకూడదనుకుంటూ లెక్క తప్పాను. మళ్లీ మొదలుపెట్టి మళ్లీ తప్పాను. పొద్దు తిరగకముందే, పిడచకట్టిన నాలుకతో ఇంటి ముఖం పట్టాను.

"ఓడినవా మామా?"

"ఓడిన బిడ్డా. అన్ని నెలలు నువ్వెట్ల ఉన్నవే?"

ఆ మాట అప్పటిదాకా ఎవరూ ఆమెను అడగలేదు. పిల్ల వెక్కివెక్కి ఏడ్చింది. ఊరుకోబెట్టబోయిన అక్కను వద్దని సైగ చేశాను. ఏడుపు తీరాక తనే లేచి నాకో గ్లాసు, తనకో గ్లాసు తెచ్చింది. నేను తాగాను. నన్ను చూస్తూ ఆమె తాగింది.

తెల్లవారి ఆమె అరుపుకే మెలకువ వచ్చింది. "గుంట పడలే మామా!" బొటనవేలు ఇంకా కాలి మీదే ఉంది.

మొన్న ఆమె నా చూపు పట్టేసింది. "ఏంది మామా, ఇంకా జూస్తున్నవా?" అని నవ్వింది. నీళ్లు తాగి కాళ్లు నొక్కి చూసుకోవడం ఆమె ఎప్పుడు మానేసిందో నాకు తెలియదు. అన్నీ లెక్కపెట్టే నా కళ్ల ముందు నుంచే ఆ రోజన్నది చడీచప్పుడు లేకుండా దాటిపోయింది.