పోశం ఏరుకున్న దోనె

పోశం ఎవరినీ ఊరికే నమ్మడు. బెల్లంపల్లి దిక్కున ఒక బొగ్గుబాయిలో చాలా ఏళ్లు పనిచేసిన మనిషి. బాయిలోకి దిగినవాడు ముందుగా పైకప్పును కర్రతో తట్టి చూస్తాడు. ఖంగున మోగితే బండ గట్టిది, కింద నిలబడవచ్చు. బొదబొదమంటే లోపల వీడింది, తప్పుకోవాలి. ఆ తట్టుడే అతన్ని బతికించింది. ఒక్కసారి మాత్రం కర్ర ఎత్తకముందే పెళ్ల రాలి ఎడమ మోకాలి మీద పడింది. అప్పటి నుంచి ఆ కాలు ముడవదు.

1961 ఎండాకాలంలో భార్య యాదవ్వను తీసుకుని చెన్నూరు దగ్గర గోదావరి ఒడ్డున ఉన్న సొంతూరికి తిరిగి వచ్చాడు. పుట్టుక బెస్త ఇంట్లోనే అయినా, మీసాలు రాకముందే బాయికి పోవడంతో ఏటి పని నేర్వలేదు. నడుంలోతు నీళ్లలో నిలబడి వల విసరడానికి కాలు సాగదు. ఆ కాలితో ఈదనూ లేడు. ఒక్కడు కూర్చుని వల వేసుకునే చిన్న దోనె ఉంటేనే కూడు. ఆ దోనె తప్పుదైతే ప్రాణమే పోతుంది.

ఊళ్లో దోనెలు చెక్కే బుచ్చిరాములు దగ్గర రెండున్నాయి. రెండూ ఇప్పమాను దుంగను తొలిచి చేసినవే. ఒకటి నీళ్లు నింపి మడుగులో సగం ముంచి ఉంది, పాచి పట్టింది. ఇంకొకటి ఇసుక మీద బోర్లించి ఉంది, నూనె రాసి నిగనిగలాడుతోంది.

"నీళ్లల్ల ఉన్నది తీస్కో తమ్మీ" అన్నాడు బుచ్చిరాములు.

పోశానికి అక్కడే అనుమానం పుట్టింది. ముంచి పెట్టినదాన్ని అంటగడుతున్నాడంటే నీళ్ల కింద ఏదో చిల్లి దాచినట్టే. మంచిదాన్ని ఒడ్డున తనకోసం ఉంచుకున్నాడు.

నీళ్లు తోడించి, కర్ర తీసుకుని పాచిదోనెను ఈ కొస నుంచి ఆ కొస దాకా తట్టాడు. బొదబొదమంది. ఒడ్డుమీది దాన్ని తట్టాడు. ఖంగుమంది.

"గిది తీస్కుంట."

"అది నిరుటి సంది ఎండల పడున్నది. నానబెట్టకుంట ఎక్కద్దు."

"మరి గా నూనె ఎందుకే అన్నా? ముసల్దానికి ముస్తాబా?"

"ఎండకు పగలద్దని రాసిన. కర్రతోని కొట్టుడేంది, కల్లు కుండ కొంటున్నవా?"

యాదవ్వ ఇద్దరినీ నమ్మలేదు. "ఆయన మాట వద్దు, నీ చెవులూ వద్దు. నడుముకు తాడు కట్టుకో" అంది.

"ఎద్దునా కట్టేయనీకి?"

"ఎద్దుకు ఈతన్న వస్తది."

తాడుతోనే నూనె రాసిన దోనె ఎక్కాడు; రెండో కొస యాదవ్వ పట్టుకుంది. మడుగు నడిమికి పోయేసరికి కూర్చున్న చోట తడి తగిలింది. కంటికి కనిపించని పగుళ్ల నుంచి నీళ్లు చెమటలా ఊరి, ధారలు కట్టాయి. జరగబోయాడు. చాచిన కాలు రాలేదు. దోనె ఒరిగింది. యాదవ్వ, బుచ్చిరాములు కలిసి తాడు లాగి ఒడ్డున పడేశారు. మింగిన నీళ్లన్నీ కక్కాడు.

"ఎండిన కట్టె ఖంగుమనే అంటది. నానినది ఉబ్బి పగుళ్లు మూసుకుంటది, మోగది" అన్నాడు బుచ్చిరాములు. "ఇది నీ బాయిల బండ గాదు తమ్మీ."

పోశం లేచి కుంటుకుంటూ పాచిదోనె దగ్గరికి పోయాడు. అదే కావాలన్నాడు. ఈసారి బుచ్చిరాములుకు అనుమానం వచ్చింది.

"ఇయ్య. నువ్వు సస్తే నీ పెండ్లాం వచ్చి నా ఇంటి ముంగట కూసుంటది."

"కూసుంట. లేవ" అంది యాదవ్వ.

కూర్చోవడం నేర్చాకే ఇస్తానని బుచ్చిరాములు పోశాన్ని మోకాలిలోతు నీళ్లలో ఆ దోనె ఎక్కించి అటూ ఇటూ ఊపాడు. పోశం రెండు అంచులూ పట్టుకున్నాడు.

"ఇడువు! అంచు వట్టుకున్నోడే బోర్లేస్తడు."

మళ్లీ ఊపాడు. మళ్లీ పట్టుకున్నాడు. పొద్దు వాలేదాకా ఇదే వరస. చివరికి ముడవని కాలును దోనె అడుగున పొడవునా చాచి, చేతులు ఒళ్లో పెట్టుకుని, పళ్లు బిగించి కూర్చున్నాడు. దోనె ఊగి ఊగి తనంతట తానే నిలిచింది. బుచ్చిరాములు అప్పుడు తెడ్డు అందించాడు.

ఆ వానాకాలమంతా పోశం ఒడ్డు వదిలి దూరం పోలేదు. వరద తీశాక వల వేశాడు. దసరా నాటికి యాదవ్వ చెన్నూరు అంగట్లో తట్ట దించింది. కొనవచ్చిన వాళ్లు ఒక్కొక్క చేప మొప్పలు ఎత్తి వాసన చూస్తుంటే, "సూడుండ్రి, మంచిగ సూసే తీస్కోండ్రి" అంటూ కొంగుతో ఈగలు తోలుతూ కూర్చుంది.