నీడన వేలాడిన మోదుగుచెట్టు

అరవైల చివర తార్నాకలో ఇళ్ళకంటే బండలే ఎక్కువ. పత్రికాఫీసులో నాది సాయంత్రం డ్యూటీ కావడంతో పగళ్ళు ఖాళీగా ఉండేవి. పక్క వాటాలో ఒక డ్రాయింగు మాస్టారు, భార్య, ఏడాది పాప ఉండేవారు. ముషీరాబాదు బడిలో పిల్లలకు కుండలూ మామిడిపళ్ళూ గీయడం నేర్పి, సైకిలు మీద తిరిగొచ్చి, యూనివర్సిటీ వెనక బండల్లో కూర్చుని మాస్టారు తన బొమ్మలు వేసుకునేవాడు.

ఆ ఏడు యూనివర్సిటీలో ఇక్కడి చిత్రకారుల ప్రదర్శన పెడుతూ ఆయన బొమ్మ ఒకటి ఎంచుకున్నారు. ఆయన బొమ్మ నలుగురి ముందుకు రావడం అదే మొదలు. బండల నడుమ ఆకులన్నీ రాలి, ఒళ్ళంతా పూసిన మోదుగుచెట్టు.

"మన చెట్టుకు బొంబాయి రంగెందుకన్నా?" అని, పూలను పూలరంగుతోనే వేశాడు. హోళీకి వాళ్ళ ఊళ్ళో చేసినట్టే భార్య మోదుగుపూలు ఉడకబెట్టి చిటికెడు సున్నం వేసింది. ఆయన తుమ్మబంక కలిపాడు. ఆ సంగతి మా పత్రికలో నాలుగు వాక్యాలు రాశాను.

"ఈ రంగు నిలుస్తుందా మాస్టారూ?" అని అడిగాను.

"నిలవకేం? మా అత్తగారింట్ల లోపలి అర్ర గోడకు ఈమె చిన్నప్పుడు చల్లిన మరక ఇంకా ఉన్నది."

భార్య కూడా అవునంది. ఆ గోడ ఎన్నడూ ఎండ చూసింది కాదన్న మాట మా ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు.

బంక బాగా ఆరాలని బొమ్మను డాబా మీద గోడకు ఆనించి పెట్టారు. రేపు ప్రదర్శన అనగా కిందికి దించి చూస్తే కొమ్మల మీద పూలు లేవు. పలచటి పసుపునీళ్ళ మరకలు మిగిలాయి.

"ఎండల పెట్టుమన్నదెవరయ్యా?"

"నువ్వే గదనే, బంక ఆరలేదన్నవు!"

"బంక ఆరాలన్న గానీ, వడియాలోలె ఎండబెట్టుమన్ననా?"

ఆబిడ్స్‌కు పోతే నారింజరంగు ట్యూబు దొరుకుతుందని, పైపైన పూసెయ్యమని నేను సలహా ఇచ్చాను. మాస్టారు బొమ్మ మీది పసుపు మరకను వేలితో తడిమాడు.

"పూస్తే బాగనే ఉంటదన్నా. మన చెట్టు మాత్రం కాదు."

అప్పటికి బయట చెట్లమీద పూలు పోయి కాయలు పడ్డాయి. భార్య లోపలికి వెళ్ళి ఒక ముంత తెచ్చింది. ఎండాకాలం పాపకు సెగగడ్డలు రాకుండా నీళ్ళలో వేసి పోయడానికి దాచిన ఎండు మోదుగుపూలు.

"పిల్లకు వేపాకు నీళ్ళు పోస్త తియ్యి," అని పొయ్యి వెలిగించింది.

పొద్దుగూకేలోపు మాస్టారు ఒక్కొక్క రేకూ మళ్ళీ దిద్దాడు. ఈసారి బొమ్మను ఇంట్లోనే ఆరనిచ్చారు.

మర్నాడు హాల్లో దాన్ని కిటికీ ఎదుట తగిలించి ఉంటే, తానే తీసి తలుపు చాటు మూలన పెట్టాడు. వచ్చేవాళ్ళు చాలామంది చూడకుండానే దాటిపోతున్నారు. క్యాంపస్ క్వార్టర్సులో ఉండే ఒక గోదావరి ప్రొఫెసరు మాత్రం వెనక్కి వచ్చి వంగి చూశాడు.

"ఇంత బాగుంటే చీకట్లో పెట్టారేవిటండీ? మా ఇంటికిస్తారా?"

మాస్టారు బొమ్మను అడిగిన మొదటి మనిషి ఆయనే. నేను పక్కనే ఉన్నాను. మాస్టారు ఊరుకుంటే సరిపోయేది.

"ఎండ తగిలితే పూలు పోతయి సార్. నీడకైనా ఎన్ని దినాలుంటయో నేను చెప్పలేను."

ప్రొఫెసరు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "చెట్టన్నాక పూలు రాలవటండీ? పట్టుకొస్తాను, మళ్ళీ పూయిద్దురుగాని."

ప్రదర్శన అయ్యాక బొమ్మను ఇంటికి తీసుకెళ్ళాడు గానీ, మళ్ళీ తెస్తానన్నది మాటవరసకే అనుకున్నాను. మరుసటి ఏడు, హోళీ ముందర, ఆఫీసుకు బయల్దేరుతుంటే మా గేటు ముందు రిక్షా ఆగింది. ప్రొఫెసరు దిగాడు. దుప్పటి చుట్టిన బొమ్మ మీదికి గొడుగు పట్టి, తాను ఎండలో నిలబడ్డాడు.

"ఏవమ్మా," అని మాస్టారి భార్యను కేకేశాడు, "పూలు ఉడికాయా?"