మరిగించిన పెరుగు

ఆసుపత్రిలో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. కత్తెరలూ పళ్ళేలూ ఆవిరి యంత్రంలో పెట్టి క్రిముల్ని చంపడమే ముప్పై ఏళ్ళుగా ఆమె పని కనుక అందరికీ ఆవిరక్కే. నిప్పునైనా కడిగి గానీ ముట్టుకోదని నర్సులు ఆటపట్టించేవాళ్ళు. వాళ్ళకేం, నవ్వుతారు! పనిలో చేరిన ఏడాది ఆమె తొందరపడి యంత్రం మూత ముందే తీసింది. ఆ కత్తెరల వల్ల ఒక బాలింత కుట్లు చీము పట్టి నెలరోజులు మంచంలో ఉంది. వేడిపాలకు మూతి కాలిన పిల్లి మజ్జిగ కూడా ఊదుకుని తాగుతుందంటారు. ఈవిడ ఊదడంతో ఆగలేదు, అన్నీ మరిగించేది.

ఈమధ్య ఆమె భర్తకు ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. ఘాటు మందులతో నిమ్ము తగ్గింది గానీ, గోరుచుట్టు మీద రోకటిపోటులా విరేచనాలు పట్టుకున్నాయి. బస్సు నడిపిన మనిషి గోడ పట్టుకుని నడుస్తున్నాడు. రోజూ పెరుగు పెట్టమంది డాక్టరమ్మ. పది రోజులైనా గుణం లేదు. ఈ మనిషి తనకు దక్కడేమోనని ఆవిరక్కకు గుండె జారిపోయింది.

"పెరుగు పెడుతున్నారా?" అనడిగింది డాక్టరమ్మ.

"రెండు పూటలా. బాగా మరిగించి మరీ!"

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "మరిగిస్తే ఇంకేం మిగులుతుందమ్మా? మందులు చెడ్డ క్రిములతో పాటు పేగుల్లో మంచివాటినీ ఊడ్చేశాయి. పెరుగులో బతికున్నవి వాటికి ఆసరా అవుతాయనే పెట్టమన్నాను. అందరికీ గుణమిస్తుందని చెప్పలేను. ఓసారి పరీక్షలు కూడా చేయిద్దాం. కానీ చచ్చినవాటితో ఏం లాభం?"

ఆవిరక్కకు తల కొట్టేసినట్టయింది. మంచి క్రిములట! ముప్పై ఏళ్ళలో ఆ మాట ఒక్కరూ ఆమెతో అనలేదు.

ఇంటికొచ్చి గిన్నెలో చల్లటి పెరుగు వేసుకుని మంచం పక్కన కూర్చుంది.

"పొగలు రావట్లేదేం?" అన్నాడు భర్త.

"విరిగి నీళ్ళోడే పెరుగు పది రోజులు ఎలా తిన్నారండీ? ఒక్క మాటైనా అనకూడదూ?"

"అంటే నువ్వు పెట్టడమే మానేస్తావనిపించింది. పచ్చిది నీ చేత్తో పెట్టలేవుగా."

ఆమెకు కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. చెంచా అతని నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది.

"నాకు భయంగా ఉందండీ."

"నాకూ ఉందే," అని అతను నోరు తెరిచాడు.