ఆధా కడీ

నా చిన్నప్పుడు మా ఇంట్లో పిల్లి దూడంత ఉండేదని మా పిల్లల ముందు ఒట్టేసి చెప్పినవాణ్ని నేను. కాబట్టి ముందే ఒప్పుకుంటున్నాను, పెంచి చెప్పడం నాకు అలవాటు. ఈ సంగతిలోనూ పెంచుతాను. కోపాన్ని మాత్రం తగ్గించి రాస్తున్నాను. ఉన్నదున్నట్టు రాస్తే ఈ కాగితం అంటుకుంటుంది.

మా బాపు మానుకోట శివారులో, గార్ల పోయే తోవలో ఉన్న రైసుమిల్లులో మిస్త్రీ. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం నాటి రాతలు ఆ మిల్లు వెనక గోడ మీద సగం చెరిగి ఇంకా కనబడుతుండేవి. నాకప్పుడు పదేళ్లు. బడికి పోతూ పోతూ బాపుకు సద్ది ఇచ్చి పోవడం నా పని.

ఆ ఏడు షావుకారు ఇనుప రోలర్ల బాట ఒకటి వేయించాడు. బియ్యం బస్తాను దాని మీద పెడితే చాలు, రోలర్లు తిరుగుతూ లారీ దాకా మోసుకుపోతాయి. రోలర్లను తిప్పేది మోటరు. మోటరుకూ మొదటి రోలరుకూ మధ్యన ఒక గొలుసు. సైకిల్ చైను లాంటిదే, కాకపోతే కొండచిలువ తాత అంత లావు. అది కదిలితే ఆ చప్పుడుకు అంత దూరాన పాలకుర్తిలో పడుకున్న కుక్కలు కూడా లేచి కూర్చునేవి.

ఆ బాటకు బొమ్మ గీసి పంపింది, దగ్గరుండి బిగింపజేసింది కోస్తా నుంచి వచ్చిన ఒక ఇంజనీరు. ఆయన ప్యాంటు ఎంత తెల్లగా ఉండేదంటే ఎండాకాలం దానివైపు చూస్తే కళ్లు పోతాయని హమాలీలు తల తిప్పుకునేవాళ్లు. మోటరును సిమెంటు దిమ్మె మీద బోల్టులేసి కదలకుండా పాతించాడు. ఆయన లెక్క ప్రకారం గొలుసుకు యాభై ఒక్క కడీలు, అంటే లంకెలు, కావాలి. గొలుసులో ఒక కడీ సన్నది, దాని పక్కది వెడల్పుది, మళ్లీ సన్నది. సన్నది వెడల్పుదాంట్లోకి దూరితేనే కొసలు కలుస్తాయి. బేసి సంఖ్య వస్తే రెండు కొసలూ ఒక్క తీరుగానే ఉంటాయి, కలవవు. అప్పుడు ఒక పక్క సన్నగా, ఒక పక్క వెడల్పుగా వంచిన వంకర ముక్క ఒకటి ఇరికించాలి. దాన్నే మా మిల్లుల్లో ఆధా కడీ, అంటే సగం లంకె, అంటారు. బలమంతా పడేది ఆ వంకర మీదే.

ఒకరోజు నేను సద్ది తీసుకుపోయి నిలబడ్డప్పుడే బాపు ఆయనకు చెప్పాడు. "సార్, ఆధా కడీ పెడితే తెగుతది సార్. మోటరు జర ఇటు జరపండి."

ఇంజనీరు షావుకారు వైపు తిరిగాడు. "కడి అంటే అన్నం ముద్ద కదండీ? సగం ముద్ద పెడితే చాలదంటున్నాడు మీ మేస్త్రి. గొలుసుకి కడుపు నిండా పెట్టవయ్యా, కాస్త పప్పు కూడా వెయ్యి."

షావుకారు నవ్వాడు. గుమస్తా నవ్వాడు. హమాలీలు నవ్వారు. నేను తప్ప మిల్లంతా నవ్వింది. బాపు సద్దిగిన్నె పట్టుకొని పక్కకు పోయాడు.

గొలుసు మూడుసార్లు తెగింది, మూడుసార్లూ ఆ వంకర దగ్గరే. మొదటి రెండుసార్లు కింద పడి ఊరుకుంది. మూడోసారి ఎగిరింది. మోటరు పక్కన రాలిన బియ్యం ఊడుస్తున్న, లంబాడీ తండా నుంచి కూలికొచ్చే ఒక అక్క కుడిచేతి రెండు వేళ్ల కొసలు తీసుకుపోయింది. ఆ వేళ్లతోనే ఆమె తన రవికకు అద్దాలు కుట్టుకునేది, నేను పోతే గుప్పెడు నూకలు జేబులో పోసేది. ఇక్కడ మాత్రం నేను ఏమీ పెంచలేదు. దవాఖాన నుంచి కట్టుతో వచ్చి ఆమె బాపుతో అన్న మాట ఇది: "నువ్వు చెప్పినవు గద మిస్త్రన్నా. నేను విన్న."

ఇంజనీరు మాత్రం మిస్త్రీకి బిగించడం రాదని కాగితం మీద రాసిచ్చాడు. షావుకారు బాపును పిలిచి, ఇంకోసారి తెగితే మిల్లు గడప తొక్కొద్దన్నాడు.

ఆదివారం మిల్లు బందు. బాపు నన్ను వెంట తీసుకుపోయాడు. గొలుసు విప్పి, వంకర ముక్క తీసేసి, దాని జాగాలో మామూలు కడీ ఒకటి ఎక్కించి, రెండు కొసలూ నా చేతిలో పెట్టాడు.

"కలుపు."

కలపబోయాను. సన్నదానికి ఎదురుగా సన్నదే వచ్చింది. తిప్పాను, తలకిందులు చేశాను. గ్రీసు మోచేతుల దాకా, మోచేతుల నుంచి ముఖానికి, ముఖం నుంచి, నా మాట నమ్మితే, మిల్లు పైకప్పు దాకా అంటింది. కలవలేదు.

"ఏం కావాలె?"

"ఆధా కడీ కావాలె బాపూ."

బాపు ఏమీ అనలేదు. ఉలీ సుత్తీ తీసి దిమ్మె పగలగొట్టడం మొదలుపెట్టాడు. మోటరును అర అంగుళం, ఒక్క అర అంగుళం, రోలరు వైపు జరిపి మళ్లీ సిమెంటు పోశాడు. పైన అరా కింద అరా తగ్గి, అంగుళం పొడుగు కడీ ఒకటి మిగిలిపోయింది. యాభై కడీల గొలుసు తాళం వేసినట్టు కలిసింది. సిమెంటు ఆరేదాకా మోటరు తిప్పొద్దని షావుకారుకు ఏదో సాకు చెప్పుకున్నాడు.

ఆ తర్వాత అది మళ్లీ తెగలేదు. నెల తర్వాత ఇంజనీరు వచ్చి చూసి, "ఇప్పుడు నేర్చుకున్నాడు బిగించడం" అని షావుకారుతో అన్నాడు. ఎవరూ చూడటం లేదనుకొని వంగి, మోటరు దగ్గర టేపు పెట్టి కొలిచి, జేబులోని చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. నేను చూశాను. బాపును ఒక్క మాటా అడగలేదు. తండా అక్క వేళ్ల సంగతి ఆ పుస్తకంలో ఎక్కి ఉండదు. యాభై ఏళ్లకు దగ్గర పడుతోంది, నా పళ్లు ఇంకా పటపటమంటూనే ఉన్నాయి.

ఇక నేను కల్పించింది ఏదో చెప్పాలి. కుక్కలు, ప్యాంటు, పైకప్పు, అవన్నీ పెంచినవి. కల్పించింది మాత్రం రెండే ముక్కలు. నేను తప్ప అందరూ నవ్వారని రాశాను. నేనూ నవ్వాను. ఇంజనీరు కంటే గట్టిగా నవ్వాను, బడిలో మా భాషను వెక్కిరించే సారు ముందు నవ్వినట్టే. ఆదివారం బాపు ఏమీ అనలేదని రాశాను. అన్నాడు. నా చేతుల్లో కలవని గొలుసు చూస్తూ, మెల్లగా అన్నాడు.

"ఇప్పుడు నవ్వు బిడ్డా."

ఆ రోజు తీసేసిన వంకర ముక్క ఇప్పటికీ నా జేబులోనే ఉంటుంది. ఎవరి మాటకైనా నవ్వు రాబోతే ముందు దాన్ని తడుముకుంటాను. తర్వాత అడుగుతాను, అంటే ఏందన్నా అని.