ఆపా కోడి మీద పడ్డ నింద

ఆ గుడ్డును కోడి పొడవలేదు. నేను గోరుతో గిల్లాను. ఈ మాట ఆ రోజే చెప్పాల్సింది, చెప్పలేదు.

జమ్మికుంటలో మా గల్లీవాళ్లం పొదుగుకొచ్చిన కోడిని ఒకరినొకరు అడిగి తెచ్చుకుంటాం. పిల్లలయ్యాక ఒకదాన్ని కోడిగలవాళ్లకు ఇస్తాం. నా భార్య ఎక్కడో పెద్దపెద్ద సీమబాతు గుడ్లు సంపాదించి, పక్కింటి ఆపా కోడిని తెచ్చి వాటి మీద కూర్చోబెట్టింది. రెక్కలు ఎంత చాపినా గుడ్లు బయటికి కనిపించేవి. కోడిపిల్లలకు పట్టే గడువు దాటిపోయినా పాపం అది లేవలేదు.

ఒక సాయంత్రం ఒక గుడ్డుకు చిన్న బొక్క పడింది. లోపలి నుంచి కీచుకీచుమని వినిపించింది. మర్నాడు పొద్దుటికీ బొక్క అంతే ఉంది.

"పెంకు జర తీద్దామా?" అన్నాను.

"చెయ్యి పెట్టకుండ్రి. ఎప్పుడు రావాల్నో దానికి ఎరుకే," అంది నా భార్య.

గోడ అవతలి నుంచి ఆపా అందుకుంది. "దాన్ని అల్లా బయటికి తోలుతుండు తమ్మీ, నడుమ నువ్వెందుకు గుంజుతవ్?"

మార్కెట్ యార్డులో బస్తాలోంచి పత్తి గుంజి చూడటమే నా పని. నా వేళ్లకు ఊరకే ఉండటం రాదు. నా భార్య కూరగాయలకు వెళ్లింది, కోడి నీళ్లకు లేచింది, నేను గుడ్డు అందుకున్నాను. మొదటి ముక్కలు సులువుగానే వచ్చాయి. తర్వాతి దానితో పొర చిరిగి నెత్తురు కారింది. పొరలోని నెత్తురు పూర్తిగా ఒంట్లోకి పోయేదాకా పిల్ల ఆగుతుందని నాకు తర్వాత తెలిసింది. అప్పుడు తోచింది ఒక్కటే, ముక్కలు మళ్లీ అతికించటం. ఒకటి తలకిందులుగా పెట్టాను. గుడ్డును గంపలో పెట్టేసి పేపర్ చదువుతూ కూర్చున్నాను. అది నిన్నటి పేపర్.

నా భార్య వచ్చి చూసి, "అయ్యో, కోడి పొడిచింది!" అని అరిచింది.

ఆ పిల్లను దూదిలో చుట్టి, బల్బు కింద పెట్టి ఆమే బతికించింది. కోడికి మాత్రం చెడ్డపేరు వచ్చింది.

"నా కోడి గిట్ల చేస్తదనుకోలే," అని ఆపా తల వంచుకుంది.

"పోనీ ఆపా, కోడికేం తెలుస్తది," అని నేను పెద్దమనసుతో క్షమించాను.

గుడ్లు పొడిచే కోడిని మా గల్లీలో ఎవరూ అడగరు. శుక్రవారానికల్లా అది కూరై మా ఇంటికి వచ్చింది.

"నీ పిల్లను పొడిచింది గద, మొదటి ముక్క నువ్వే తినాలె," అంది ఆపా.

తిన్నాను. మళ్లీ వడ్డించుకున్నాను కూడా. నిజం చెప్పాలని కూర్చున్నాను కనుక అదీ చెప్తున్నాను.

ఆ బాతుపిల్ల పెరిగి పెద్దదై, గల్లీలోకి ఎవరినీ రానివ్వకుండా తరమటం మొదలుపెట్టింది. మొన్న ఆపా కొంగు పట్టుకుని గుంజింది. ఆమె మా గుమ్మంలోకి ఉరికొచ్చి ఆయాసపడుతూ, "నా కోడికి గప్పుడే తెలిసింది దీని సంగతి! ఇంకో రెండు పోట్లు పొడిస్తే అయిపోతుండె. దాన్నేమో నేను కోసుకుంటి," అంది.

నా భార్య పగలబడి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

"ఆపా, అది ఒక్క పోటు గూడ పొడవలే. నేనే గిల్లిన. నువ్వు కోయకముందు చెప్పలే, కోసినంకనూ చెప్పలే. మాఫ్ చెయ్యి."