టీవీ నాయకుణ్ణి బాపు నల్లా అడిగిన రోజు

మూతబడిన బొగ్గుగని ముందు టీవీ సినిమా ఒకటి తీస్తున్నారని, గుంపులో నిలబడడానికి పాత కార్మికులు కావాలని మహారాష్ట్రలోని మా చంద్రపూర్ బాబుపేట్‌లో కబురు తిరిగింది. ముంబైలో పెద్ద పేరు సంపాదించి, కొన్నేళ్ల కింద పోయిన ఒక నాయకుడి జీవిత కథ అది. మా బాపు గనిలో పనిచేసి రిటైరైన మనిషి. వినగానే పెట్టెలోంచి పాత హెల్మెట్ తీసి తుడవడం మొదలుపెట్టాడు.

"గీ వయసుల నీకు యాక్టింగేంది?" అని అమ్మ నవ్వింది.

"నేను గాయన్ని దగ్గర్నుంచి సూసినోణ్ని" అన్నాడు బాపు.

అది నిజమే. నా చిన్నప్పుడు ఆ నాయకుడు చంద్రపూర్‌లో సభకు వచ్చాడు. అప్పట్లో మా ఇళ్ల లైన్‌కు నల్లా లేదు. అమ్మా నేనూ పక్క బస్తీ నుంచి బిందెలతో నీళ్లు మోసేవాళ్లం. ఆ సంగతి ఆయనకే చెబుతానని బాపు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్లాడు. గుంపును తోసుకుని కారు దాకా చేరాడు కూడా. అద్దం దిగింది. ఆయన బాపు వైపు చూసి చెయ్యి ఊపాడు. బాపుకు నోరు పెగల్లేదు. కారు వెళ్లిపోయింది.

షూటింగ్‌కు నేనూ తోడు వెళ్లాను. తెల్ల కుర్తా వేసుకున్న నటుడు జీపు దిగి కార్మికుల మధ్య నడవాలి. వీళ్లు మరాఠీలో జై కొట్టాలి. అంతే పని. ఉదయం నుంచి నాలుగుసార్లు బాగానే కొట్టారు. ఐదోసారి ఆ నటుడు సరిగ్గా బాపు ముందు ఆగి, చెయ్యి ఊపాడు.

జై కొట్టాల్సిన బాపు రెండు చేతులూ జోడించాడు. "సాబ్, మా లైన్ల నల్లా లేదు. ఆడోళ్లు శానా దూరంకెళ్లి నీళ్లు మోస్తుండ్రు. మా నల్లా ఎప్పుడొస్తది?" అని తెలుగులోనే గట్టిగా అడిగేశాడు.

నటుడికి నల్లా అన్న మాట ఒక్కటే అర్థమైనట్టుంది. బాపు భుజం మీద చెయ్యి వేసి, "తప్పకుండా వస్తుంది, బాబా" అని మరాఠీలో మాటిచ్చాడు. డైరెక్టర్ కట్ చెప్పి, పరుగున వచ్చాడు. తిడతాడనుకుని నేను ముందుకెళ్లాను. ఆయనేమో, "ఇదే ఉంచుతున్నాం" అని బాపు చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

టీ తాగేటప్పుడు ఆ నటుడే బాపును వెతుక్కుంటూ వచ్చాడు. ఆయన మాటలు బాపుకు, బాపు మాటలు ఆయనకు నేనే చెప్పాను.

"మీకు నల్లా నిజంగా లేదా? ఎవరితోనైనా మాట్లాడనా?"

"వద్దు సాబ్. అది ఎప్పుడో వచ్చింది."

"మరి ఎందుకడిగారు?"

బాపు కాస్త సిగ్గుపడ్డాడు. "అప్పుడు అడగలేకపోయిన గదా" అన్నాడు.

నటుడు పకపకా నవ్వి బాపును కౌగిలించుకున్నాడు. షూటింగ్ కోసం బాపుకు పూసిన బొగ్గు రంగు తెల్ల కుర్తాకు అంటుకుందని బట్టల మనిషి గోల పెట్టాడు.

కొన్ని నెలలకు, ఒక ఆదివారం మధ్యాహ్నం టీవీలో ఆ సినిమా వచ్చింది. చర్చి నుంచి నేరుగా మా ఇంటికొచ్చిన వాళ్లతో గది నిండిపోయింది. బాపు మంచం అంచున కూర్చున్నాడు. గని వచ్చింది, జీపు వచ్చింది, తర్వాత తెర నిండా బాపు ముఖం. అందరూ చప్పట్లు కొట్టారు. కానీ బాపు పెదాలు కదులుతుంటే, ఎవరిదో గంభీరమైన గొంతు స్వచ్ఛమైన మరాఠీలో నల్లా అడుగుతోంది. చప్పట్లు ఆగిపోయాయి. బాపు ఏమంటాడోనని అందరం అటు తిరిగాం.

"గిన్నేండ్లు గీడ ఉండి ఒక్కనాడన్న మరాఠీ గంత మంచిగ మాట్లాడినవా?" అంది అమ్మ.

ముందుగా నవ్వింది బాపే. ఆ నవ్వుల్లో తర్వాతి సీను ఏమిటో మాలో ఒక్కరూ చూడలేదు.